నెల్లూరు నుంచి తిరుమలకు కాలినడక: కాళ్లకూ ఫోన్‌కూ పన్నెండు వారాల తయారీ

ప్రశ్న: నెల్లూరులో అకౌంట్లు, జీఎస్టీ రిటర్నుల పని చేస్తాను. వయసు 46. యాభై అరవై మంది వ్యాపారుల లెక్కలు నా దగ్గరే ఉన్నాయి. ఆఫీసులో ఒక్క అసిస్టెంటు. జనవరిలో రంగనాయకుల గుడి దగ్గర బయల్దేరి తిరుమలకు నడిచి వెళ్లాలని మొక్కుకున్నాను. ప్రస్తుతం పొద్దున పూట మూడు కిలోమీటర్లు నడుస్తున్నాను, అంతకుమించి అలవాటు లేదు. బీపీకి మాత్ర వేసుకుంటాను. ఫోన్‌లో నడక యాప్ పెడితే మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోతోంది, దూరమూ తప్పు చూపిస్తోంది. వారం రోజులు ఫోన్ ఆపేస్తే క్లయింట్లు ఊరుకోరు. పైగా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పులు లేకుండా నడవాలంటున్నారు. ఎలా సిద్ధం కావాలి?

సమాధానం: మీ ఉత్తరం అక్టోబరులో రావడం మంచిదైంది. నవంబరు 1న మొదలుపెడితే జనవరి 23కి సరిగ్గా పన్నెండు వారాలు. మూడు కిలోమీటర్ల నుంచి వరసగా ఆరు రోజులు నడిచే స్థితికి రావడానికి ఆ వ్యవధి సరిపోతుంది, అయితే వృథా చేసుకునేంత తీరిక లేదు. కాళ్లను అలవాటు చేసినట్టే ఫోన్‌నూ, మీ అసిస్టెంటునూ, క్లయింట్లనూ కూడా ఈ పన్నెండు వారాలు అలవాటు చేయాలి. బయల్దేరే ముందు రాత్రి సెట్టింగులు మార్చుకున్నవాళ్లకే దారిలో ఫోన్ ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది.

ముందు తేదీ. జనవరిలో మీకు 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్ను), 18న కాంపొజిషన్ పథకంలోని చిన్న వ్యాపారుల సీఎంపీ-08, 20న నెలవారీ 3బీ (పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్ను), 22న మూడు నెలల 3బీ ఉంటాయి. ఆ తర్వాత మిగిలేది 31న టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే మినహాయించిన పన్ను) రిటర్ను ఒక్కటే. డిసెంబరు టీడీఎస్ చలానా జనవరి 7కే కట్టేసి ఉంటారు కాబట్టి ఆ రిటర్నును 19లోపే పెట్టేయొచ్చు. అందుకే 23న బయల్దేరి, 28 సాయంత్రానికి తిరుపతి చేరి, 29న మెట్లెక్కమంటాం. గడువులు పొడిగించినట్టు ప్రకటన వచ్చినా దాని మీద ఆధారపడి పని వాయిదా వేయకండి, పాత తేదీకే ముగించండి. డిసెంబరులో వెళ్దామనుకుంటే నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు ఉంటాయి. ఫిబ్రవరి చివరైతే ఎండ ముదురుతుంది. రథసప్తమి మాత్రం మీ 29వ తేదీ మీద పడుతుందేమో క్యాలెండరులో చూసుకోండి. ఆ రోజు కొండ మీద రద్దీ చాలా ఎక్కువ, ఒకరోజు అటూ ఇటూ జరుపుకుంటే సరిపోతుంది.

దారి మొత్తం సుమారు 135 కిలోమీటర్లు. రోజుకు 22, 23 చొప్పున ఆరు రోజులు. నెల్లూరు నుంచి వెంకటాచలం, మనుబోలు మీదుగా గూడూరు వరకు చెన్నై హైవేనే. అక్కడ సర్వీసు రోడ్డు ఉన్నచోటల్లా దాని మీదే నడవండి. గూడూరు దాటాక నాయుడుపేట మీదుగా శ్రీకాళహస్తి వెళ్లే హైవే దారి ఒకటుంది, వెంకటగిరి మీదుగా వెళ్లేది ఇంకొకటుంది. నడిచేవాళ్లకు వెంకటగిరి దారే మేలని మా అభిప్రాయం. లారీల ఒత్తిడి తక్కువ. గూడూరు–రేణిగుంట రైలు మార్గం కూడా వెంకటగిరి, శ్రీకాళహస్తి, ఏర్పేడు మీదుగానే పోతుంది కాబట్టి కాలు మొరాయిస్తే దగ్గరి స్టేషనుకు చేరి రైలెక్కే వీలుంటుంది. మజిలీలు ఎక్కడెక్కడ వేయాలో డిసెంబరులో ఒక ఆదివారం బండి మీద వెళ్లి చూసి రండి. రాత్రి పడుకునేచోట ప్లగ్గు పాయింటు ఉందా లేదా అన్నది కూడా రాసుకోండి.

ఇక కాళ్ల సంగతి. బీపీ మాత్ర వేసుకుంటున్నారు కాబట్టి మొదటి వారంలోనే డాక్టరుకు చూపించుకోండి. ఎండలో గంటల తరబడి చెమట పట్టి నడిస్తే కొన్ని బీపీ మాత్రలతో కళ్లు తిరుగుతాయి. మీ మాత్ర అలాంటిదేనా, ఆ వారం మోతాదు ఏం చేయాలి అని సూటిగా అడగండి. సొంతంగా మాత్ర మానేయొద్దు.

వారంలో నాలుగు రోజులు నడక: మూడు రోజులు మామూలుగా 40 నిమిషాలు, ఐదో వారం నుంచి గంట. నాలుగో రోజు ఆదివారం పెద్ద నడక. ఆ ఆదివారం దూరాలు వరసగా ఇలా ఉండాలి: 5, 7, 9 కిలోమీటర్లు, నాలుగో వారం తగ్గించి 6. తర్వాత 11, 13, 16, ఎనిమిదో వారం మళ్లీ తగ్గించి 10. తొమ్మిదో వారం 18. పదో వారం శనివారం 12, ఆదివారం 20. పదకొండో వారం సంక్రాంతి సెలవుల్లో పడుతుంది, అప్పుడు వరసగా రెండు రోజులు 16, 22. చివరి వారం ఒకే ఒక్కసారి 8. జనవరి 18 నుంచి 22 వరకు మీకు పని ఒత్తిడి ఎటూ ఉంటుంది, కాళ్లకు విశ్రాంతి కావలసిందీ అప్పుడే. రెండూ ఒకే వారంలో కలిసిరావడం మీ అదృష్టం.

తగ్గించే వారాలను వదిలేయకండి. ఊపిరి, గుండె నాలుగైదు వారాల్లోనే కుదురుకుంటాయి. కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులు, కీళ్ల దగ్గరి కణజాలం, అరికాలి చర్మం మాత్రం నెమ్మదిగా గట్టిపడతాయి. ఐదో వారానికి హుషారు వచ్చి ఒక్కసారిగా పద్దెనిమిది నడిచేసేవాళ్లకు ముంగాలి ఎముక వెంట నొప్పి, లేదా పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో పొడిచినట్టు నొప్పి వచ్చేది అందుకే. అలా వస్తే ఆ వారం దూరం సగానికి తగ్గించండి. మడమ నొప్పికి గోడకు చేతులానించి ఒక కాలు వెనక్కి చాపి, మడమ నేలకు ఆనేలా పిక్కను 30 సెకన్లు సాగదీయాలి. ఒక్కో కాలికి మూడుసార్లు, రోజుకు రెండు పూటలా. నడక తగ్గించినా పది రోజుల్లో తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి. నొప్పి మాత్ర వేసుకుని నడిచేయడం మాత్రం వద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీల మీద భారం వేస్తాయి, బీపీ ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ.

వేగం ఎంత ఉండాలంటే, పక్కనున్నవాళ్లతో మాట్లాడుతూ నడవగలగాలి. మాట తెగుతుంటే తగ్గించండి. నెల్లూరులో ఉన్నారు కాబట్టి చోటుకు కొదవలేదు. పది, పన్నెండు కిలోమీటర్లు నడవాల్సిన రోజుల్లో పెన్న ఒడ్డున జొన్నవాడ కామాక్షమ్మ గుడి దాకా వెళ్లి బస్సులో వచ్చేయొచ్చు. ఇరవై దాటే రోజుల్లో మైపాడు వైపు పోండి. జొన్నవాడ వైపే ఉన్న నరసింహకొండను నెలకు రెండుసార్లయినా ఎక్కండి. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి, వాటిని ఆరు రోజుల నడక తర్వాత ఎక్కబోతున్నారు. చదును రోడ్డు మీద ఎంత నడిచినా మెట్లకు పనికొచ్చే తొడ కండరం తయారు కాదు. మూడంతస్తుల భవనంలో అంతస్తుకు ఇరవై మెట్లనుకుంటే ఒకసారి ఎక్కితే అరవై. మూడో వారంలో ఐదుసార్లతో మొదలుపెట్టి, పదో వారానికి ఒకే విడతలో ఇరవై ఐదుసార్లు, అంటే 1,500 మెట్లు ఎక్కగలగాలి. దిగేటప్పుడే మోకాళ్లు దెబ్బతింటాయి, కాబట్టి రెయిలింగు పట్టుకుని నిదానంగా దిగండి, లిఫ్టు ఉంటే దిగడానికి అదే వాడండి. నవంబరు వానల్లో బయట నడవడం కుదరని రోజు ఈ మెట్లే మీ నడక.

ఇప్పుడు ఫోన్. మీరు చెప్పిన రెండు ఫిర్యాదులకూ, అంటే ఛార్జింగ్ అయిపోవడానికీ దూరం తప్పు చూపించడానికీ, మూలం చాలావరకు ఒకటే. ఛార్జింగ్ మిగలాలని బ్యాటరీ సేవర్ పెడతారు. స్క్రీన్ ఆగగానే అది నడక యాప్‌కు జీపీఎస్ అందకుండా చేస్తుంది. కాసేపటికి మీరు ఫోన్ తీసి చూసేసరికి యాప్ మళ్లీ లేచి, పాత చోటునూ కొత్త చోటునూ ఒక సరళ రేఖతో కలిపేస్తుంది. మ్యాప్‌లో మీ గీత చెరువు మీదుగానో, ఇళ్ల మీదుగానో పోయి ఉంటే జరిగింది ఇదే. దూరం తక్కువ చూపించేదీ అందుకే. అది సరిగా పనిచేస్తోందా అని పదేపదే స్క్రీన్ వెలిగించి చూస్తారు, అసలు ఛార్జింగ్‌ను మింగేది ఆ స్క్రీనే.

సరిచేసే పద్ధతి ఇది. సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి, మీ నడక యాప్‌ను ఎంచుకుని, బ్యాటరీ దగ్గర ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ లేదా ‘నో రిస్ట్రిక్షన్స్’ పెట్టండి. ఈ పేరు కంపెనీని బట్టి మారుతుంది. లొకేషన్ అనుమతిలో ‘ప్రిసైజ్ లొకేషన్’ ఆన్‌లో ఉండాలి. ఇటీవల వాడిన యాప్‌ల వరసలో ఆ యాప్‌ను నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో తాళం గుర్తు వస్తుంది, దాన్ని వేయండి. లేకపోతే ‘క్లియర్ ఆల్’ నొక్కినప్పుడు మీ నడక కూడా పోతుంది. బయల్దేరేటప్పుడు మేడల మధ్య కాకుండా ఆకాశం కనిపించేచోట అర నిమిషం నిలబడి, లొకేషన్ చుక్క కుదురుకున్నాక స్టార్ట్ నొక్కండి. బ్యాటరీ సేవర్ తీసేయండి. దానికి బదులు స్క్రీన్ వెలుగు తగ్గించండి, స్క్రీన్ 15 సెకన్లకు ఆరిపోయేలా పెట్టండి, నెట్‌వర్క్‌ను 5జీ నుంచి 4జీకి మార్చండి. సిగ్నల్ సరిగా లేని ఊళ్ల మధ్య ఫోన్ టవరు కోసం వెతుకుతూనే బ్యాటరీ తినేస్తుంది. రెండు సిమ్ములుంటే ఆ ప్రాంతంలో అసలు అందని దాన్ని ఆపేయండి.

యాప్ ఎంతవరకు నిజం చెబుతోందో తేల్చడానికి రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు చాలు. పైభాగం పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి. ఒక రాయి దగ్గర నిలబడి, తర్వాతి రాయి దాకా అడుగులు లెక్కపెట్టండి. 1,350 వచ్చాయనుకోండి, మీ అడుగు 74 సెంటీమీటర్లు. యాప్‌లో అడుగు పొడవు మార్చుకునే వీలుంటే ఆ అంకె వేయండి. అదే అడుగుతో నిమిషానికి 110 అడుగులు వేస్తే గంటకు 4.9 కిలోమీటర్లు. మీకు అంతకంటే వేగం అక్కర్లేదు. ఒక్క రాయితో ఆపకుండా మూడు నాలుగు రాళ్ల సగటు తీసుకోండి. కొన్నిచోట్ల రాళ్లు ఊడిపోయి ఉంటాయి, రోడ్డు వెడల్పు చేసినప్పుడు అటూ ఇటూ పాతినవీ ఉంటాయి. దారిలో చివరి రోజులకు జీపీఎస్ ఆపేసి అడుగుల లెక్కతోనే నడవొచ్చు, బ్యాటరీ చాలా మిగులుతుంది. ఫోన్ ప్యాంటు జేబులో ఉంటేనే ఆ లెక్క నమ్మకంగా వస్తుంది. చేత్తో పట్టుకుని మాట్లాడుతూ నడిస్తే తప్పుతుంది.

మ్యాప్ విషయంలో చాలామంది మోసపోయేది ఒకటుంది. గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకున్నా, నెట్ లేనప్పుడు అది కారు దారే చెబుతుంది, నడక దారి చెప్పదు. నెట్ లేకుండా నడక దారి కావాలంటే ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్‌లో ఆంధ్రప్రదేశ్ మ్యాప్ ముందే ఇంట్లో వైఫై మీద దించుకోండి.

పవర్ బ్యాంకు 10,000 ఎంఏహెచ్‌ది ఒకటి చాలు. దాని మీద రాసిన అంకె లోపలి సెల్లుది, వోల్టేజీ మారేటప్పుడు పోయేది పోగా కేబుల్‌లోకి వచ్చేది ఆరు వేల చిల్లరే. 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ను ఒకటింపావుసారి నింపుతుందనుకోండి. రోజూ రాత్రి ప్లగ్గు దొరికితే అది ధారాళంగా సరిపోతుంది. 20,000 ఎంఏహెచ్‌ది కొంటే దానికి రెట్టింపు బరువు ఆరు రోజులు భుజం మీద మోయాలి. జేబులో పెట్టుకుని ఎండలో నడుస్తూ ఛార్జింగ్ పెట్టకండి. వేడెక్కితే ఫోన్ తనంతట తానే ఛార్జింగ్ ఆపేస్తుంది, పవర్ బ్యాంకు మాత్రం ఖాళీ అవుతూ ఉంటుంది. మధ్యాహ్నం నీడలో ఆగినప్పుడు పెట్టండి. కేబుళ్లు రెండు తీసుకెళ్లండి, తెగేది ఎప్పుడూ కేబులే. నవంబరు శిక్షణలో వానకు తడిసిన ఫోన్‌లో తేమ హెచ్చరిక వస్తే ఛార్జర్ గుచ్చకుండా, రంధ్రం కిందికి ఉండేలా పెట్టి ఆరనివ్వండి.

ఇక క్లయింట్లు. వారం రోజులు ఫోన్ ఆపేయమని మేం చెప్పం, పగలంతా ఎత్తమనీ చెప్పం. రోజుకు రెండు వేళలు పెట్టండి: మధ్యాహ్నం 12 నుంచి 1, సాయంత్రం 6 నుంచి 7. ఈ అలవాటును డిసెంబరు నుంచే శనివారాల్లో మొదలుపెట్టండి. వాట్సాప్ బిజినెస్‌లో టూల్స్ కింద ‘అవే మెసేజ్’ ఉంటుంది, దానికి వేళలు కూడా పెట్టుకోవచ్చు. సందేశం ఇలా ఉంటే చాలు: “నమస్కారమండి. 23 నుంచి 29 వరకు ప్రయాణంలో ఉంటాను. మధ్యాహ్నం 12–1, సాయంత్రం 6–7 మధ్య మాట్లాడతాను. బిల్లులు, నోటీసుల కాపీలు ఆఫీసు మెయిలుకు పంపండి. అత్యవసరమైతే ఆఫీసు నంబరుకు చేయండి.” ఆఫీసు నంబరు అందులోనే రాయండి. నడుస్తున్నానని, మొక్కుబడి అని వివరాలు పెడితే పరామర్శ ఫోన్లు మొదలవుతాయి. ప్రయాణం అంటే చాలు.

నడిచే వేళల్లో ‘డు నాట్ డిస్టర్బ్’ పెట్టి, ఇంటివాళ్లనూ అసిస్టెంటునూ స్టార్ గుర్తున్న కాంటాక్టుల్లో చేర్చి వాళ్లకు అనుమతివ్వండి. ‘రిపీట్ కాలర్స్’ అన్నది కూడా ఆన్ చేస్తే, ఆండ్రాయిడ్‌లో ఒకే నంబరు నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి వచ్చిన కాల్ మోగుతుంది. ఈ సంగతి మీ అసిస్టెంటుకు, ఇంట్లోవాళ్లకు మాత్రమే చెప్పండి. క్లయింట్లందరికీ తెలిస్తే అందరూ రెండుసార్లు చేస్తారు.

సిగ్నల్ లేనప్పుడు కాల్స్ అసిస్టెంటుకు మళ్లాలంటే ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో కాలింగ్ అకౌంట్స్ తెరిచి, సిమ్ ఎంచుకుని, కాల్ ఫార్వర్డింగ్‌లోకి వెళ్లండి. అక్కడ నాలుగు రకాలుంటాయి. ‘ఆల్వేస్’ కాకుండా ‘అన్‌రీచబుల్’, ‘అన్‌ఆన్సర్డ్’ దగ్గర మాత్రమే ఆఫీసు నంబరు వేయండి. *401*, *21* లాంటి కోడ్లు కొట్టే పాత పద్ధతిని మరిచిపోండి. వాటితో మోసాలు పెరిగి, కోడ్ల ద్వారా జరిగే ఫార్వర్డింగ్‌ను 2024 ఏప్రిల్ 15 నుంచి నిలిపేయాలని టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. ఎవరైనా ఫోన్ చేసి ఆ కోడ్ కొట్టమంటే కొట్టొద్దని అసిస్టెంటుకు కూడా చెప్పి ఉంచండి.

ఫార్వర్డింగ్‌లో మళ్లేవి కాల్సే, ఎస్సెమ్మెస్‌లు మళ్లవు. మీ వృత్తిలో చిక్కంతా ఇక్కడే ఉంది. కొందరు వ్యాపారుల జీఎస్టీ రిజిస్ట్రేషనులో వాళ్ల నంబరుకు బదులు మీ నంబరే ఇచ్చి ఉంటే, రిటర్ను వేసేటప్పుడు ఓటీపీ మీ జేబులోని ఫోన్‌కే వస్తుంది. మీరేమో సిగ్నల్ లేని చోట ఉంటారు, అసిస్టెంటు అక్కడ స్క్రీన్ ముందు ఎదురుచూస్తుంటాడు. ఓటీపీ రిజిస్టరైన మెయిలుకు కూడా వస్తుంది కాబట్టి ఆ మెయిలు ఆఫీసులో తెరిచి ఉంటే ఆ వారం గడుస్తుంది. బ్యాంకు ఓటీపీలు వచ్చే మెయిలు అదే కాకుండా చూసుకోండి. అసలు పరిష్కారం మాత్రం, నవంబరు నుంచే ఒక్కొక్కరిదీ నాన్-కోర్ సవరణ (రిజిస్ట్రేషనులో ఫోన్, మెయిలు లాంటి వివరాల మార్పు) పెట్టి మీ నంబరు బదులు వ్యాపారి సొంత నంబరు చేర్చడం. పన్నెండు వారాల్లో వారానికి ఐదుగురి పని చేసినా అరవై మందివీ పూర్తవుతాయి. కంపెనీల డిజిటల్ సంతకం టోకెన్లు ఆఫీసు బీరువాలోనే ఉండనివ్వండి.

నడుస్తూ మెసేజీలు చదవడం పూర్తిగా మానేయాలి. ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. రోడ్డుకు కుడి పక్కన, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా నడవండి. ఇయర్‌బడ్ పెట్టుకోవాలంటే కుడి చెవికి ఒక్కటే, రోడ్డు వైపున్న ఎడమ చెవి ఖాళీగా ఉండాలి. ఏదైనా గుర్తొస్తే ఫోన్ తీయకుండా, తర్వాత ఆగినప్పుడు రోడ్డు దిగి పక్కకొచ్చి వాయిస్ రికార్డరులో రెండు ముక్కలు చెప్పుకోండి. రోడ్డు అంచు వాలుగా ఉంటుంది కాబట్టి గంటల తరబడి ఒకే పక్క నడిస్తే ఒక తుంటి, ఒక చీలమండ నొప్పెడతాయి. చదునుగా ఉన్న మట్టి బాట దొరికినప్పుడల్లా దాని మీదికి మారండి. ఇంటివాళ్లకు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టండి. దానికి 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడే వ్యవధులుంటాయి, పొద్దున 8 గంటలది పెడితే మధ్యాహ్నం విశ్రాంతి దాకా వస్తుంది, సాయంత్రం నడక మొదలుపెట్టేటప్పుడు మళ్లీ పెట్టండి. ఆపదలో 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారి మీదైతే 1033.

రోజు క్రమం ఇలా ఉండనివ్వండి. జనవరి చివర్లో ఆరున్నర దాటాకే సూర్యోదయం. ఆరుంబావుకు, మెరిసే పట్టీ కట్టుకుని బయల్దేరండి. గంటకోసారి పది నిమిషాలు ఆగుతూ పదకొండింటికి 17, 18 కిలోమీటర్లు అవుతాయి. మూడున్నర దాకా నీడలో పడుకోండి, మిగతా ఐదారు వెలుతురుండగానే ముగించండి. గంటకు అర లీటరు దాకా నీళ్లు. ఒట్టి నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది, వికారం వస్తుంది. మధ్యమధ్యలో మజ్జిగ తాగండి, లేదా లీటరుకు అని రాసి ఉన్న ఓఆర్ఎస్ ప్యాకెట్టును సరిగ్గా లీటరు నీళ్లలో కలిపి తాగండి. సగం సీసాలో మొత్తం ప్యాకెట్టు కలపకూడదు. ఉప్పు మోతాదు విషయం కూడా డాక్టరుతో మాట్లాడినప్పుడే అడిగేయండి.

చెప్పుల మాట. పెద్దవాళ్ల నమ్మకాన్ని కాదనం. కానీ మీ అరికాలు ఇన్నేళ్లూ ఆఫీసులో, బూట్లలో ఉంది. హైవే తారు మధ్యాహ్నానికి కాలుతుంది, అంచున గాజు పెంకులు, టైర్ల నుంచి ఊడిన తీగ ముక్కలు ఉంటాయి. రెండో రోజే అరికాలు చిట్లితే మొక్కే మధ్యలో ఆగిపోతుంది. తారు రోడ్డంతా బూట్లతో నడిచి, అలిపిరి పాదాల మండపం నుంచి వట్టి కాళ్లతో ఎక్కండి. ఇంట్లో ఈ మాట ఇప్పుడే చెప్పి ఒప్పించండి. మెట్ల కోసమైనా డిసెంబరు నుంచి ఇంటి డాబా మీద, గుడి ప్రదక్షిణాల్లో రోజూ పావుగంట వట్టి కాళ్లతో నడవడం అలవాటు చేసుకోండి.

బూట్లు సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొనండి. బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండాలి, లేకపోతే నాలుగో రోజుకు గోరు నల్లబడుతుంది. కొత్త జత ఏడో వారంలోపే కొని కనీసం వంద కిలోమీటర్లు వాటితో నడవండి. నూలు మేజోళ్లు వద్దు, చెమట పట్టుకుని చర్మాన్ని నానబెడతాయి, నానిన చర్మమే పొక్కుతుంది. సింథటిక్‌వి మూడు జతలు తీసుకుని మధ్యాహ్నం మార్చుకోండి. పొక్కు వచ్చే ముందు అక్కడ సన్నగా మంట తెలుస్తుంది. ఇంకో కిలోమీటరు పోయి చూద్దాం అనుకోకుండా అక్కడే ఆగి, తుడిచి, మైక్రోపోర్ టేపు ముడతలు పడకుండా అతికించండి. ఐదు నిమిషాల పని. వదిలేస్తే అది రెండు రోజుల కుంటు. పొక్కు లేచి ఒత్తుకుంటుంటే స్పిరిట్‌తో తుడిచిన సూదితో అంచున గుచ్చి నీరు దించండి, పైతోలు మాత్రం లాగకండి. షుగరు ఉన్నవాళ్లెవరైనా మీతో వస్తుంటే వాళ్లు ఈ సూది పని చేయకూడదు, డాక్టరుకే చూపించాలి.

29న అలిపిరిలో సంచిని సామాన్ల కౌంటరులో ఇచ్చేస్తే కొండ మీద తీసుకోవచ్చు. నీళ్లు, ఫోన్, టేపు మాత్రం ఉంచుకోండి. గాలిగోపురం దాకా నిటారుగా ఉంటుంది, అక్కడి వరకు వందేసి మెట్లకు ఒక నిమిషం ఆగండి. ఆ తర్వాత చాలాదూరం తేలిక, చివర్లో మోకాళ్ల పర్వతం మళ్లీ పరీక్ష పెడుతుంది, దానికి కాస్త ఓపిక మిగుల్చుకోండి.

దర్శనం క్యూలోకి ఫోన్ రానివ్వరు, డిపాజిట్ కౌంటరులో ఇవ్వాలి. ఎన్ని గంటలు పడుతుందో ఆనాటి రద్దీని బట్టి ఉంటుంది. ఫోన్ ఇచ్చే ముందు కాల్ ఫార్వర్డింగ్‌ను ‘ఆల్వేస్’కు మార్చి, అసిస్టెంటుకు ఒక మాట చెప్పి, నడక యాప్ ఆపి సేవ్ చేసి, ఫోన్ స్విచ్ ఆఫ్ చేయండి. రసీదును పర్సులో పెట్టుకోండి, చొక్కా జేబులో చెమటకు తడిసి అంకెలు చెరిగిపోతాయి. బయటికొచ్చి ఫోన్ తీసుకున్నాక ఫార్వర్డింగ్ నాలుగు రకాలనూ తీసేయండి, లేకపోతే మర్నాడు కూడా మీ కాల్స్ అన్నీ అసిస్టెంటుకే పోతుంటాయి.